ఇంటర్వెల్ దాకా ఉద్యోగం

తెలుగు సినిమాలో హీరోయిన్ మెడలో ఐడీ కార్డు ఎంతసేపు ఉంటుందో ఎప్పుడైనా గమనించారా? నేను గమనించాను. ఎంట్రీ సీన్‌లో ఉంటుంది. స్కూటీ దిగి జుట్టు వెనక్కి తోసుకునేటప్పుడు ఉంటుంది. హీరో మొదటిసారి చూసి నోరు తెరిచే షాట్‌లో స్లో మోషన్‌లో అటూ ఇటూ ఊగుతూ కూడా ఉంటుంది. మొదటి పాట మొదలయ్యేసరికి ఉండదు. ఇక ఆ తర్వాత సినిమా అయిపోయేదాకా దాని ఊసు లేదు. ఈ పిల్ల ఉద్యోగం మానేసిందా, పీకేశారా, నోటీసు పీరియడ్‌లో ఉందా, ఒక్కడూ చెప్పడు. థియేటర్లో నాకదే టెన్షన్. విలన్ హీరో బాబాయిని ఎత్తుకుపోయాడు, సరే. ఈ అమ్మాయి నాలుగు రోజుల్నుంచి లాగిన్ అవలేదు, దాని సంగతేంటి?

ఈ పిచ్చి నాకు ఊరికే పట్టలేదు. నాది తెనాలి. ఏడేళ్లుగా హైదరాబాదులో, గచ్చిబౌలి వైపు ఒక కంపెనీలో కోడ్ రాసుకుని బతుకుతున్నాను. మార్చి నెల వస్తే చాలు, ఆఫీసులో ఆడవాళ్లు కూడా ఉన్నారని మా హెచ్ఆర్‌కి గుర్తొస్తుంది. ఈసారి మెయిల్‌లో నా పేరు వచ్చింది. ‘యువ ఉద్యోగినిగా సినిమాలు, పుస్తకాలు, ఉద్యోగ జీవితంపై మీ అభిప్రాయాలు. అయిదు నిమిషాలు.’ కింద సూచనలు: పాజిటివ్‌గా ఉండాలి, ఎవర్నీ నొప్పించకూడదు, నవ్వుతూ ముగించాలి, ఊదారంగు చీరైతే ఫోటోలు బాగా వస్తాయి. ముగ్గు, కేకు, కుర్చీల సంగతి కమిటీ చూసుకుంటుందన్నారు. కమిటీ అంటే మళ్లీ మేమే. మా సన్మానం మేమే ఏర్పాటు చేసుకుని, మా గులాబీలు మేమే తెప్పించుకుని, వాటిని మగవాళ్ల చేతిలో పెట్టి, వాళ్ల చేతుల మీదుగా తీసుకున్నాం. నేను అయిదు నిమిషాలూ మాట్లాడాను. ఎడిట్ చేసిన వీడియోలో నలభై సెకన్లున్నాను, అందులో ఇరవై సెకన్లు నవ్వే. కత్తిరించిన నాలుగు నిమిషాల ఇరవై సెకన్లూ ఇదిగో, ఇక్కడ పెడుతున్నాను.

‘మరి హీరో మాత్రం పని చేస్తాడా?’ అని మా టీమ్‌లో ఒకబ్బాయి అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. హీరో కూడా చెయ్యడు. కానీ ఆయన పని చెయ్యకపోవడమే కథ. ఖాళీగా తిరిగితే ఒక పాట, నాన్న తిడితే ఒక సెంటిమెంటు, ఆఖర్న ఊరినో దేశాన్నో కాపాడితే పూర్ణకుంభం. ‘మహర్షి’ (2019)లో ఆయన అమెరికాలో ఒక పెద్ద కంపెనీకి సీఈఓ. స్నేహితుడి ఊరి కోసం పల్లెటూరికి వచ్చి అక్కడే మకాం పెట్టేశాడు. హాలంతా కళ్లు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను, కారణం మాత్రం వేరు. తుఫానుకి తెనాలిలో కరెంటు పోయి ఒక్క పూట ఇంటి నుంచి పని చెయ్యలేకపోతే మా మేనేజర్ దాన్ని సెలవు కింద రాసేశాడు.

‘అర్జున్ రెడ్డి’ (2017)లో అమ్మాయి ఎంబీబీఎస్‌లో కొత్తగా చేరింది. మెడికల్ సీటు రావడమంటే ఏమిటో బైపీసీ చదివిన ప్రతివాడికీ, వాడికి ఫీజులు కట్టిన తండ్రికీ తెలుసు. హీరో వచ్చి ఈమె నా మనిషి అని క్లాసురూముల్లో చాటింపు వేసి, అంతటితో ఆగక పాఠాలు కూడా తానే చెప్పేశాడు. ఆ పిల్లకి ఎన్ని మార్కులొచ్చాయో ఇప్పటికీ ఎవరికీ తెలీదు. ‘పుష్ప’ (2021) ఈ విషయంలో కాస్త నయం. నవ్వితే వెయ్యి, ముద్దుకి అయిదు వేలు అని తేల్చి చెప్పింది. హీరోయిన్‌కి ఒక రేటంటూ కట్టిన సినిమాలు మనకెన్నున్నాయి చెప్పండి. పీఎఫ్ కట్ అయిందో లేదో మాత్రం చూపించలేదు.

2023 సంక్రాంతికి ఒక రోజు తేడాలో రెండు పెద్ద సినిమాలు వచ్చాయి. జనవరి 12న ‘వీరసింహా రెడ్డి’, 13న ‘వాల్తేరు వీరయ్య’. అభిమానులు హీరోలిద్దరి కోసం ఫ్లెక్సీలు చింపుకున్నారు. రెండింట్లోనూ హీరోయిన్ ఒక్కరే, శ్రుతి హాసన్. ఒకే పండక్కి రెండు షిఫ్టులు చేసిన ఉద్యోగిని గురించి ఒక్క ఫ్లెక్సీ లేదు. రెండో సినిమాలో ఆవిడ ‘రా’ ఏజెంటు కూడా. దేశ రహస్యాలు చూసుకునే మనిషి పాటొచ్చేసరికి మంచుకొండ మీద చీర కట్టుకుని నిలబడింది. మన సినిమాల్లో హీరోయిన్ నిజంగా చేసే ఉద్యోగం ఇదే. గడ్డకట్టే చలిలో హీరో కోటు తొడుక్కుంటే, తను పల్చటి చీరలో వణక్కుండా నవ్వడం. ఆ పని ఎవడికీ కనపడదు, ఎందుకంటే దాన్ని అందం అంటారు.

తెరమీద ఐడీ కార్డు మాయమైతే తెరవెనక కాగితాలే మాయమవుతాయి. కేరళ సినిమా పరిశ్రమలో ఆడవాళ్ల పరిస్థితుల మీద 2017లో వేసిన హేమ కమిటీ నివేదిక జనం చేతికి వచ్చింది 2024 ఆగస్టులో. అది చూసి, మన పరిశ్రమలో వేధింపుల మీద వేసిన సబ్ కమిటీ నివేదిక కూడా బయట పెట్టండని సమంత తెలంగాణ ప్రభుత్వాన్ని అడగాల్సి వచ్చింది. పోస్టరు విడుదలకి కౌంట్‌డౌన్, ఆ పోస్టరు వస్తుందని చెప్పడానికి ఇంకో పోస్టరు వేసే పరిశ్రమ ఇది. పని చేసే ఆడవాళ్లు ఏం చెప్పారన్నదానికి మాత్రం రిలీజ్ డేటు ఉండదు.

అన్నీ అలాగే ఉన్నాయని అనను. ‘35 - చిన్న కథ కాదు’ (2024) చూసి మా హాస్టల్ గదిలో ముగ్గురం చాలాసేపు లైటు ఆర్పలేదు. తిరుపతిలో ఒక ఇల్లాలు. కొడుక్కి లెక్కలు ఎక్కవు. సున్నాకి విలువే లేదంటారు కదా, ఒకటి పక్కన నిలబడితే పది ఎలా అవుతుందని వాడి గొడవ. వాడికి చెప్పడం కోసం పదో తరగతి తప్పిన ఆ తల్లి తను లెక్కలు నేర్చుకోవడానికి కూర్చుంటుంది. ఒక ఆడమనిషి బుర్ర పెట్టి పని చేస్తుంటే కెమెరా పక్కకి తిరగకుండా ఆవిడ మొహమే చూడటం నాకు కొత్త. సున్నా సంగతి మళ్లీ వస్తుంది, గుర్తు పెట్టుకోండి.

సినిమావాళ్లని ఒక్కళ్లనే అని లాభం లేదు, నవలలు వాళ్లకన్నా ముందే దారి వేశాయి. మా అమ్మ పెళ్లికి ముందు అద్దె పుస్తకాల షాపులో రోజుకి అర్ధరూపాయి ఇచ్చి యద్దనపూడి సులోచనారాణి నవలలన్నీ చదివింది. వారపత్రికల్లో సీరియల్ పేజీలు చింపి, సూదీ దారంతో కుట్టి, పాత క్యాలెండర్ అట్ట వేసిన పుస్తకాలు ఇప్పటికీ మా అటక మీదున్నాయి. పేజీల వెనక సగం తెగిన నెయిల్ పాలిష్ ప్రకటనలు, ఎవరిదో పంచాంగం. అమ్మ కుట్టు అప్పటికే ఎంత తిన్నగా ఉండేదో వాటిని చూస్తే తెలుస్తుంది. ఒక ఆదివారం ఫోన్ చేసి అడిగాను.

“అమ్మా, ‘సెక్రటరీ’ నవల్లో జయంతి ఏం చేసేది?”

“సెక్రటరీయేగా.”

“అది పేరు. రోజంతా కూర్చుని ఏం పని చేసేదీ అని.”

అటువైపు మిషను చప్పుడు ఆగింది. “రాజశేఖరం మంచి పొడగరి…”

“ఆయన ఎత్తు అడగలేదే నేను.”

“ఉండవే, గుర్తు తెచ్చుకుంటున్నా. ఆయనకో కారుండేది.”

“జయంతి పనమ్మా.”

“ఏదో… ఆఫీసు పని. ఉత్తరాలూ అవీ. అయినా నీకు పొద్దున్నే ఇదేం రోగం? టిఫిను తిన్నావా?”

నలభై ఏళ్లు గడిచినా రాజశేఖరం కారు మా అమ్మ మనసులో స్టార్టింగ్‌లోనే ఉంది. జయంతి టేబులు మీద ఫైళ్లు మాత్రం గాలికి పోయాయి. యద్దనపూడిని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. గడప దాటి జీతం తెచ్చుకునే అమ్మాయిని లక్షలమంది ఇళ్లల్లోకి, అదీ వంటింటి దాకా తీసుకెళ్లిందావిడ. పుస్తకానికే ఉద్యోగం పేరు పెట్టింది. ఇప్పటి మన సినిమాల పేర్లు చూడండి: హీరో పేరు, హీరో ఇంటిపేరు, హీరో కులం వాసన, పక్కన ఒక అంకె. ‘సెక్రటరీ’ అన్న పేరు కింద కూర్చుని చదివినవాళ్లం మనం పనిని వదిలేసి కారుని గుర్తు పెట్టుకున్నాం. 1976లో ఆ నవలని సినిమాగా తీసినప్పుడు నాగేశ్వరరావు, వాణిశ్రీలని చూడటానికి వెళ్లినవాళ్లెవరూ టైపురైటరు చూడటానికి వెళ్లి ఉండరు.

పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ మీరు చదివే ఉంటారు, లేకపోతే ఇవాళే చదవండి. ఇల్లు తుడిచి తుడిచి ఒక ఇల్లాలు తన పేరే మర్చిపోయి, దాన్ని వెతుక్కుంటూ బయల్దేరే కథ. పది నిమిషాల్లో అయిపోతుంది, పదేళ్లు వదలదు. హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో ఒక స్టాల్లో ఆవిడ కథలున్నాయా అని అడిగాను. అక్కడున్న కుర్రాడు నన్ను ఎగాదిగా చూసి, “లేడీస్ బుక్స్ అటు మేడం” అన్నాడు. అటు వెళ్లాను. పచ్చళ్లు, ముగ్గులు, గర్భిణులకు సూచనలు. ఇంకొంచెం ముందుకెళ్తే గుట్టలుగుట్టలుగా వ్యక్తిత్వ వికాసం. జనమంతా అక్కడే ఉన్నారు. పొద్దున అయిదింటికి లేచేవాళ్లది ఒక క్లబ్బని దాని మీద ఏకంగా ఒక పుస్తకం, అది లక్షల్లో అమ్ముడు. మా అమ్మ ముప్ఫై ఏళ్లుగా నాలుగున్నరకి లేస్తోంది. పాలవాడు తప్ప ఆవిడకి సభ్యత్వం ఇచ్చినవాడు లేడు.

ఇక ఆఫీసు.

మొన్న డిసెంబర్లో ఒక రాత్రి ప్రొడక్షన్‌లో గోల. కస్టమర్ల ఖాతాల్లో డబ్బు రెండుసార్లు కట్ అవుతోంది. పదకొండింటికి మా లీడ్ గ్రూపులో ‘కీప్ మీ పోస్టెడ్’ అని పెట్టి గుడ్‌నైట్ బొమ్మ అంటించి పడుకున్నాడు. నేను హాస్టల్ మెట్ల మీద కూర్చున్నాను, గదిలో ఇద్దరు నిద్రపోతున్నారు కాబట్టి. పక్కన దోమల కాయిల్, ఒళ్లో లాప్‌టాప్. రెండూ నలభైకి దొరికింది. బ్యాంకు నుంచి జవాబు ఆలస్యమైతే మా ప్రోగ్రాం మళ్లీ అడుగుతుంది, అంతవరకూ బాగానే ఉంది. కానీ అడిగిన ప్రతిసారీ అదే ఆర్డరుకి కొత్త నంబరు పుట్టిస్తోంది. బ్యాంకు పాపం అది ఇంకో ఆర్డరనుకుని మళ్లీ డబ్బు లాగుతోంది. పాత నంబరే పంపమని ఒక్క లైను మార్చాను. ఒక్క లైను! దాన్ని వెతకడానికి పట్టింది మూడున్నర గంటలు, దోమలు తాగిన రక్తం అదనం.

పొద్దున పది గంటల కాల్‌లో పెద్దవాళ్లంతా ఉన్నారు. “రాత్రంతా కూర్చుని ఫిక్స్ చేశాం” అన్నాడు మా లీడ్. ఆ ‘చేశాం’ చివర నిండుసున్నా ఉంది చూశారా, అది నేను. ఆ సున్నా పక్కన నిలబడే మా లీడ్ పది అయ్యాడు. అక్కడితో అయిపోలేదు. “మీటింగ్ నోట్స్ నువ్వు రాస్తావా? నీ రైటింగ్ నీట్‌గా ఉంటుంది” అన్నాడు. టైపు చేసేదాంట్లో దస్తూరీ ఏం చూశాడో ఆయనకే తెలియాలి. ఏప్రిల్లో అప్రైజల్ వచ్చింది. పని బాగుంది కానీ ‘విజిబిలిటీ’ పెంచుకోవాలట. అంటే కనపడటం లేదని. హీరోయిన్ ఐడీ కార్డు ఎక్కడికి పోయిందో అప్పుడర్థమైంది నాకు. మా ఆఫీసులోనే ఎక్కడో సొరుగులో ఉంటుంది.

ఇలాంటి ఊళ్లోకి పెద్దమనుషులు వచ్చి ఇంకాస్త పని చెయ్యండమ్మా అంటారు. 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పని చెయ్యాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ గారి మాట బయటికొచ్చింది, 90 గంటలట, ఆదివారాలతో సహా. ఇంట్లో కూర్చుని భార్య మొహం ఎంతసేపని చూస్తారని కూడా అడిగారాయన. ఆ భార్య ఆ టైములో ఏం చేస్తోందో ఒక్కసారి చూసుంటే ఆ ప్రశ్నే వచ్చేది కాదు. 2024లో కేంద్రం చేసిన టైమ్ యూజ్ సర్వే ఆ పని చూసి పెట్టింది. జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకి 289 నిమిషాలు పెడుతున్నారు, మగవాళ్లు 88. ఆ 289ని ఏడుతో గుణిస్తే వారానికి 2023 నిమిషాలు. 70 గంటల మాట పుట్టిన సంవత్సరమూ 2023 కావడం చూస్తే అంకెలకి కూడా వెటకారం తెలుసనిపిస్తుంది. దాదాపు 34 గంటలన్న మాట. ఆఫీసు 40 కలపండి: 74. మూర్తిగారు అడిగింది ఇచ్చేసి పైన నాలుగు గంటలు కొసరు. ఉద్యోగం చేసే ఆవిడ అంతసేపు ఇంట్లో ఎక్కడ చేస్తుంది, పనిమనిషి ఉంటుందిగా అంటారు. ఒప్పుకుంటాను. ఆ పనిమనిషి మగవాడైన ఇల్లు నాకొకటి చూపించండి, మిగతా లెక్క మాట్లాడుకుందాం.

పెళ్లి గురించి ఎక్కువ చెప్పను, చెప్పేంత కొత్తదేమీ లేదు. వచ్చిన ప్రతి సంబంధంలోనూ ఒక మాట ఉంటుంది: “అమ్మాయి ఉద్యోగం చేసుకోవడానికి మావాడికి అభ్యంతరం లేదండీ.” మున్సిపాలిటీ ఎన్ఓసీ ఇచ్చినట్టు. మావాడి ఉద్యోగానికి మీ అమ్మాయికి అభ్యంతరం ఉందా అని ఇంతవరకూ ఒక్కళ్లూ అడగలేదు. అడిగితే ఉందని చెప్పాలని ఉంది, ఊరికే, వాళ్ల మొహాలు చూడటానికి. ఆ తర్వాత పిల్లలు. 50 మంది, ఆపైన పని చేసే చోట పిల్లల్ని ఉంచే క్రెష్ ఏర్పాటు ఉండాలని ప్రసూతి చట్టానికి 2017లో సవరణ వచ్చింది. మా అంతస్తులో ఆ జాగాలో ఫూస్‌బాల్ బల్ల ఉంది. దాని చుట్టూ ముప్ఫై అయిదేళ్ల పిల్లలు ఆడుకుంటూ ఉంటారు, వాళ్లని చూసుకునే ఆయాలకి లోటు లేదు. మాతో పని చేసిన సీనియర్ అక్కలు ఒక్కొక్కళ్లూ ఆ బల్ల పక్కనుంచే నడుచుకుంటూ వెళ్లి హెచ్ఆర్ టేబులు మీద కార్డు పెట్టి వెళ్లిపోయారు. ఇంటర్వెల్ అన్న అక్షరాలు పడకుండానే.

పోయిన నెల ఆఫీసులో అమ్మానాన్నల మెడికల్ ఇన్సూరెన్సు ఫారం నింపమన్నారు. ఆన్‌లైన్‌లోనే. తండ్రి వృత్తి దగ్గర నొక్కితే మెను చాంతాడంత కిందికి దిగింది: రైతు, వ్యాపారి, రిటైర్డ్, కాంట్రాక్టర్, ఏది కావాలంటే అది. తల్లి వృత్తి దగ్గర రెండే. హోమ్‌మేకర్, అదర్స్. ఏడేళ్లుగా ఏటా హోమ్‌మేకరే నొక్కాను. పండగ సీజన్లో రాత్రి ఒంటిగంట దాకా మా ఇంట్లో మిషను ఆగదు. పైపింగు జాకెట్లు, మగ్గం పని చేయించి తెచ్చినవాటికి లైనింగులు, పెళ్లికూతుళ్లవైతే చంక దగ్గర మూడుసార్లు విప్పి కుట్టాలి. మా నాన్న అడిగినవాళ్లకి ఎప్పుడూ ఒకటే చెప్తాడు, “ఖాళీగా కూర్చోలేక ఏదో కుట్టుకుంటుంది” అని. ఆ ఏదో కుట్టుకున్న డబ్బుతోనే నా ఇంజనీరింగ్ మూడో ఏడు ఫీజు కట్టారు. అమ్మ కొలతల పుస్తకంలో ఆ పేజీ నాకు తెలుసు. జబ్బా, నడుము, మెడ లోతు అంకెల మధ్య ఒక మూల ‘కాలేజీ’ అని రాసి సున్నా చుట్టి ఉంటుంది.

ఈసారి అదర్స్ నొక్కాను. ఖాళీ గడి తెరుచుకుంది. ఇరవై అక్షరాలకి మించకూడదట. అమ్మకి ఫోన్ చేశాను.

“నీ ఉద్యోగం టైలర్ అని రాస్తున్నానమ్మా, ఫారంలో.”

చాలాసేపు మిషను చప్పుడే వినపడింది. ఆగాక, “టైలర్ ఏంటే?” అంది. “కటింగ్ ఎవరు చేస్తున్నారనుకున్నావు? మాస్టర్ అని రాయి.”